కొలనోస్కోపీలో ఏఐ: ఉత్తర తెలంగాణకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

క్లుప్తంగా: కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా పైపు పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అక్కడి పాలిప్‌లను, అంటే పొర మీద పెరిగే చిన్న కండలను పట్టే కెమెరా పరిజ్ఞానం గత ఇరవై ఏళ్లలో బాగా మెరుగైంది. రంగు మార్చిన వెలుతురు, ఏఐ, సీటీ కొలనోగ్రఫీ, మింగే కెమెరా ఒక్కోటి ఒక్కో పనికి పుట్టినవి. ఒకదాని బదులు ఇంకోటి వాడేవి కావు. పైగా ఇవన్నీ మనిషి పరీక్ష గదిదాకా వచ్చాకే పనికొస్తాయి. వరంగల్ చుట్టుపక్కల జిల్లాల్లో జాప్యం అంతకు ముందే జరుగుతోంది. మోషన్‌లో రక్తం కనిపిస్తే మొలలు అనుకుని ఊరుకోవడంతోనే అది మొదలవుతుంది.

ఆసుపత్రుల ప్రకటనల్లో ఈమధ్య ‘ఏఐ’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. కొలనోస్కోపీ కూడా ఆ జాబితాలో చేరింది. పైపు వేయకుండా సీటీలోనే పేగు చూస్తారని, కెమెరా ఉన్న గోలీ మింగితే చాలని, ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. వాటిలో పచ్చి అబద్ధాలు తక్కువే. ఏ పరీక్ష ఎవరికి, ఎప్పుడు అన్నది మాత్రం వాటిలో ఉండదు. అయోమయమంతా అక్కడే.

పాలిప్ దశలోనే పట్టుకుంటే

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు ఉన్నట్టుండి పుట్టుకొచ్చేది కాదు. పేగు లోపలి పొర మీద ముందు చిన్న కండ పెరుగుతుంది. అదే పాలిప్. అన్ని పాలిప్‌లూ ప్రమాదం కావు. అడినోమా, సెర్రేటెడ్ అనే రెండు రకాలే ఆ దారి పట్టగలవు, వాటిలోనూ కొన్నే పడతాయి. చిన్న అడినోమా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. లక్షణాలేవీ లేనివాళ్లకు ముందుగానే పరీక్ష చేసే స్క్రీనింగ్ అనే ఆలోచనకు ఆధారం ఈ గడువే. జబ్బును తొందరగా కనిపెట్టడమే కాదు, జబ్బు కాకముందే దాని మొలకను తీసేయొచ్చు.

1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ అనే సర్జన్లు కొలనోస్కోప్ గుండా తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను తీయగలిగారు. అంతకుముందు అదే పనికి పొట్ట కోయాల్సి వచ్చేది. చూడటం, తీయడం ఒకే పైపుతో అయిపోవడం కొలనోస్కోపీకి ఇప్పటికీ ఉన్న బలం. మిగతా పరీక్షల్లో దేనికీ ఈ వీలు లేదు.

దాని బలహీనత కూడా చిన్నదేం కాదు. ఒకే మనిషికి ఒకే రోజు వెంటవెంటనే రెండుసార్లు కొలనోస్కోపీ చేసిన అధ్యయనాలను కలిపి చూస్తే, మొదటిసారి అడినోమాల్లో నాలుగో వంతు దాకా కంటపడలేదని తేలింది. జారిపోయినవాటిలో చిన్నవే ఎక్కువ. పేగు లోపలి గోడ చీర కుచ్చిళ్లలా మడతలు పడి ఉంటుంది. మడత వెనక ఉన్నది కెమెరాకు కనబడదు. కొన్ని పాలిప్‌లు బొడిపెలా లేవకుండా పొరకు అంటుకుని చదునుగా ఉంటాయి. కుడివైపు పేగులో వచ్చే సెర్రేటెడ్ రకం మీద జిగురు పొర కప్పి ఉండి, చుట్టూ ఉన్న రంగులోనే కలిసిపోతుంది.

చూసే డాక్టర్‌ను బట్టి కూడా తేడా ఉంటుంది. దీన్ని కొలిచేందుకు ఏడీఆర్ అనే లెక్క వాడతారు. ఒక డాక్టర్ చేసిన స్క్రీనింగ్ కొలనోస్కోపీల్లో ఎంత శాతం మందిలో కనీసం ఒక అడినోమా దొరికిందన్నది ఆ లెక్క. 2014లో వెలువడిన పెద్ద అమెరికా అధ్యయనం ప్రకారం ఏడీఆర్ ఒక్క శాతం పెరిగితే, ఆ రోగుల్లో తర్వాతి కాలంలో క్యాన్సర్ బయటపడే ముప్పు 3 శాతం తగ్గింది. కొత్త ఇమేజింగ్ కంపెనీల పోటీ అంతా ఈ ఒక్క అంకె చుట్టూనే.

వెలుతురు రంగు మారిస్తే

మొదటి మార్పు కెమెరాలో కాదు, దీపంలో వచ్చింది. తెల్ల వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయి. ఎరుపు కణజాలంలో లోతుకు దిగిపోతుంది కాబట్టి పై పొర వివరం మసకబారుతుంది. ఒలింపస్ కంపెనీ తెచ్చిన నారో బ్యాండ్ ఇమేజింగ్, అంటే ఎన్‌బీఐలో, 415, 540 నానోమీటర్ల దగ్గరి నీలం, ఆకుపచ్చ వెలుతురును మాత్రమే పంపుతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ సరిగ్గా ఈ రెండింటినీ బాగా పీల్చుకుంటుంది. దాంతో పై పొరలోని సన్నని రక్తనాళాలు ముదురు గోధుమ రంగులో తేలుతాయి. అడినోమాలో ఆ నాళాలు ఎక్కువ, వాటి అల్లిక కూడా వేరు. అలవాటైన కన్ను ముక్క తీసి పరీక్షకు పంపకముందే ఇది ఏ రకమో చాలావరకు చెప్పగలదు.

ఫుజీఫిల్మ్ వాళ్ల ఎల్‌సీఐ వేరే దారిలో వెళ్తుంది. ఎరుపుల మధ్య ఉన్న చిన్న తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. చదును పాలిప్‌లకు ఇది పనికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పేగు సరిగ్గా శుభ్రపడకపోతే ఎన్‌బీఐలో మిగిలిపోయిన పసరు ఎర్రగా, రక్తంలా కనిపించి తెర అంతా చెడిపోతుంది. కాబట్టి శుభ్రమైన పేగులోనే ఈ వెలుతురు అదనంగా ఏదైనా చూపగలదు. నిజానికి మంచి హెచ్‌డీ కెమెరాతో, తెల్ల వెలుతురులో, ఓపిగ్గా చూసే డాక్టర్‌తో పోలిస్తే పాలిప్‌లు కనిపెట్టడంలో ఎన్‌బీఐ లాభం ఓ మోస్తరే. కనిపించినదాన్ని గుర్తుపట్టడంలోనే దాని అసలు విలువ.

తెర మీద పచ్చ గడి

ఏఐ రాక దీని తర్వాతి మెట్టు. మెడ్‌ట్రానిక్ అమ్మే జీఐ జీనియస్‌కు 2021 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అక్కడ ఈ తరహాలో అనుమతి పొందిన మొదటి పరికరం అదే. వేల పాలిప్ బొమ్మలతో శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్, కొలనోస్కోపీ వీడియోను ఆ క్షణంలోనే చదివి, అనుమానం ఉన్న చోట పచ్చ గడి గీస్తుంది. క్యాన్సరా కాదా అని అది తేల్చదు. ‘ఇటు చూడండి’ అంటుంది, అంతే. పాలిప్ మీద గీసినట్టే నీటి బుడగ మీదా, మల రేణువు మీదా, ముడుచుకున్న మడత మీదా గీస్తుంది. అలాంటి గడులు చాలావరకు రెప్పపాటులో పోతాయి. ఏది వదిలేయాలో, దేని దగ్గర ఆగాలో డాక్టరే తేల్చుకోవాలి.

ఫలితాలు ఆకట్టుకునేవే. ఇటలీలో 685 మందిపై జరిగి 2020లో వెలువడిన ట్రయల్‌లో, ఏఐ లేకుండా 40.4 శాతం ఉన్న ఏడీఆర్ ఏఐతో 54.8 శాతమైంది. 2022లో వచ్చిన మరో ట్రయల్‌లో ఒకే మనిషికి ఏఐతో ఒకసారి, లేకుండా ఒకసారి పరీక్ష చేశారు. ముందు ఏఐతో చూసినవాళ్లలో 15.5 శాతం అడినోమాలు జారిపోగా, ఏఐ లేకుండా మొదలుపెట్టినవాళ్లలో 32.4 శాతం జారిపోయాయి. తప్పిపోయేవి సగానికి పడిపోయాయన్న మాట.

మరి సందేహం ఎక్కడ? అదనంగా దొరికేవాటిలో ఎక్కువ భాగం 5 మిల్లీమీటర్లలోపు చిన్నవి. వాటిలో చాలావాటికి క్యాన్సర్ అయ్యేంత ఆయుష్షు ఉండదు. అయినా కనిపించినదాన్ని తీయకుండా వదలరు. తీస్తే ముక్క ల్యాబ్‌కు వెళ్తుంది, రోగి మళ్లీ త్వరగా పరీక్షకు రావాల్సి వస్తుంది. అలా వచ్చేవాళ్లతో వరుస పెరిగితే, మొదటిసారి రావాల్సినవాళ్లకు తేదీ వెనక్కి పోతుంది. ఏఐ వల్ల క్యాన్సర్ మరణాలు తగ్గాయని చూపే దీర్ఘకాలపు ఆధారం ఇంకా లేదు. ఈ కారణాలతోనే 2025లో బీఎంజే అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం, మామూలు కొలనోస్కోపీలన్నింటికీ దీన్ని వాడొద్దన్న వైపే మొగ్గింది, అదీ బలంగా కాదు. అదే ఏడాది అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం ఎటూ చెప్పకుండా ఆగింది.

అదే 2025లో పోలండ్ నుంచి వచ్చిన ఫలితం మరో కోణం చూపింది. అక్కడి నాలుగు కేంద్రాల్లో ఏఐ వాడకం మొదలయ్యాక, అనుభవమున్న డాక్టర్లు అది లేకుండా చేసిన పరీక్షల్లో ఏడీఆర్ 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. ఇది ట్రయల్ కాదు, పరిశీలన మాత్రమే. కాబట్టి కారణం ఇదేనని గట్టిగా అనలేం. గడి కోసం ఎదురుచూడటం అలవాటైన కన్ను తనంతట తాను వెతకడం తగ్గిస్తుందేమోనన్న అనుమానానికి మాత్రం చోటిచ్చింది.

ఏఐకి ఇంకో హద్దు కూడా ఉంది. తెర మీదకు రానిదాన్ని అది చూడలేదు. మడత వెనకకు కెమెరా తిప్పాల్సింది చెయ్యే. స్కోప్ కొసకు తొడిగి మడతలను విప్పే చిన్న ప్లాస్టిక్ తొడుగు కూడా ఏడీఆర్‌ను పెంచుతుందని అధ్యయనాలున్నాయి. ప్రకటనల్లో దాని ఊసే ఉండదు, మెరిసే తెర లేదు కదా.

పైపు వద్దనుకునేవారికి

సీటీ కొలనోగ్రఫీలో చిన్న గొట్టంతో పేగులోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, సీటీ తీసి, కంప్యూటర్‌లో పేగు లోపలి బొమ్మను కడతారు. 2003లో 1,233 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో, 10 మిల్లీమీటర్లు, అంతకంటే పెద్దవైన అడినోమాలున్న నూరు మందిలో 94 మందిని ఇది పట్టింది. మత్తు అక్కర్లేదు. అయితే చదును పాలిప్‌ల దగ్గర తడబడుతుంది, రేడియేషన్ ఉంటుంది, పాలిప్ కనిపిస్తే తీయడానికి మళ్లీ కొలనోస్కోపీకే వెళ్లాలి.

మింగే కెమెరా పరిస్థితీ అంతే. పెద్దపేగు కోసం చేసిన పిల్‌క్యామ్‌లో రెండు కొసలా కెమెరాలుంటాయి. అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. దీనికి కొలనోస్కోపీ కంటే ఎక్కువగా పేగు కడగాలి, ఎందుకంటే లోపల మురికిని కడిగి పీల్చే గొట్టం గోలీకి ఉండదు. రక్తపరీక్షల విషయానికొస్తే, 2024లో అమెరికాలో అనుమతి పొందిన షీల్డ్ పరీక్ష క్యాన్సర్‌ను 83 శాతం మందిలో పట్టినా, ముదిరిన పాలిప్‌లను 13 శాతమే పట్టింది. మొలక దశలో తీసేయాలన్న అసలు ఉద్దేశం దాంతో నెరవేరదు.

లక్షణాలున్నవాళ్లు ఇలాంటి పరీక్షలతో ఆగిపోకూడదు. మోషన్‌లో రక్తం పడుతున్నవాళ్లకు, మోషన్ అలవాటు వారాల తరబడి మారిపోయినవాళ్లకు, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నవాళ్లకు కావాల్సింది స్క్రీనింగ్ కాదు, నేరుగా డాక్టర్ పరీక్ష, కొలనోస్కోపీ.

‘పొట్ట స్కానింగ్ బాగానే ఉంది’

వరంగల్ ప్రాంతంలో తరచూ వినిపించే మాట ఇది. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఉండే అల్ట్రాసౌండ్‌తో కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు చూస్తారు. పేగు లోపలి పాలిప్ అందులో కనబడదు. మామూలు సీటీ స్కాన్ కూడా సీటీ కొలనోగ్రఫీ కాదు. పేగు కడిగి గ్యాస్ నింపకపోతే చిన్న పాలిప్‌కూ మలానికీ తేడా తెలియదు. సీఈఏ అనే రక్తపరీక్ష క్యాన్సర్ ఉందని తేలాక చికిత్స ఎలా నడుస్తోందో చూడటానికి వాడేది, స్క్రీనింగ్‌కు కాదు. ఈ మూడూ నార్మల్ అని వచ్చిన ఫైలు చేతిలో పెట్టుకుని, రక్తం పడుతున్నా ధీమాగా ఉండటం అసలు ప్రమాదం.

వరంగల్ నుంచి చూస్తే

అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా 19 లక్షలకు పైగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ కేసులు వస్తున్నాయి. భారత్‌లో ఆ సంఖ్య 70 వేల దరిదాపుల్లో ఉంది. జనాభాతో పోల్చి చూస్తే అమెరికాలో ఉన్నదానికి ఇది చాలా తక్కువ రేటు. అందుకే 45 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష అన్న అమెరికా పద్ధతిని ఇక్కడ దిగుమతి చేసుకోవాలనడం తొందరపాటే. పల్లె దవాఖానల దాకా నడుస్తున్న జాతీయ కార్యక్రమంలో 30 దాటినవారికి బీపీ, షుగర్‌తోపాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలున్నాయి. పెద్దపేగు అందులో లేదు.

అయితే ఇక్కడి రోగుల తీరు వేరు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల రికార్డుల్లో భారతీయ రోగుల సగటు వయసు పాశ్చాత్య దేశాల కంటే బాగా తక్కువ. మలాశయంలో వచ్చేవి ఎక్కువ, ముదిరాక వచ్చేవాళ్లు ఎక్కువ. మలాశయ క్యాన్సర్ తొలి లక్షణం చాలాసార్లు రక్తమే. ఇక్కడే మొలల కథ మొదలవుతుంది.

నలభై ఏళ్ల మనిషికి మోషన్‌లో రక్తం పడితే ముందు వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి, లేదంటే ‘మొలలు, ఫిస్టులాకు ఆపరేషన్ లేకుండా చికిత్స’ అన్న బోర్డు దగ్గరికి. మొలలు నిజంగానే చాలా ఎక్కువ మందికి ఉంటాయి కాబట్టి ఆ ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. కష్టమేమిటంటే మొలలూ క్యాన్సరూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మలద్వారంలో వేలు పెట్టి చూసే పరీక్షకు నిమిషం చాలు, యంత్రం అక్కర్లేదు, మలాశయం కింది భాగంలోని గడ్డలు చాలావరకు వేలికే తగులుతాయి. సిగ్గు వల్ల రోగి అడగడు, రద్దీ వల్ల డాక్టర్ చేయడు. ఆయింట్‌మెంట్‌తో ఆరు నెలలు గడిచిపోతాయి.

కుడివైపు పేగు గడ్డలది మరో తీరు. రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనబడదు. మనిషికి ఆయాసం, నీరసం వస్తాయి. ‘రక్తం తక్కువుంది’ అని ఐరన్ గోలీలు రాస్తారు. నెలసరి లేని వయసు స్త్రీలో, యాభై దాటిన మగవాడిలో ఐరన్ లోపం ఎందుకొచ్చిందన్న ప్రశ్న వేయకపోతే, ఏ ఏఐ కూడా ఆ మనిషిని చూసే అవకాశమే రాదు.

కొలనోస్కోపీ దాకా వచ్చినవారికి తర్వాతి అడ్డంకి దూరం. పేగు కడిగే పౌడర్‌ను రెండు లీటర్ల నీళ్లలో కలిపి గ్లాసు గ్లాసుగా తాగాలి. నిమ్మ రుచి ఉన్నా సగం దాటేసరికి వెగటు పుడుతుంది. మోషన్ పలుచబడి చివరికి మూత్రంలా లేతపసుపు నీళ్లుగా వస్తేనే పేగు శుభ్రపడ్డట్టు. సగం ముందు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగడం మేలైన పద్ధతి. ఏటూరునాగారం వైపు నుంచో, భూపాలపల్లి నుంచో పొద్దున్నే బస్సెక్కే మనిషి అలా తాగలేడు, దారిలో మోషన్ టెన్షన్. అందుకే మొత్తం ముందు రోజే ముగించేస్తారు. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పసరు, జిగురు తెల్లారేసరికి కుడివైపు పేగును కప్పేస్తాయి. చదును పాలిప్‌లు దాక్కునేది, కొత్త ఇమేజింగ్ అవసరమయ్యేది సరిగ్గా అక్కడే. ముందు రాత్రి పేషెంట్లను ఆసుపత్రిలో గానీ పక్కన లాడ్జిలో గానీ ఉండమనడం, లేదా దూరం వాళ్లకు మధ్యాహ్నం టైమ్ ఇవ్వడం ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు తీసిపోని మెరుగుదల.

తిండి సంగతి కూడా కాగితం మీద సరిగ్గా ఉండదు. ‘ఫైబర్ తగ్గించండి’ అంటే ఎంతమందికి తెలుస్తుంది? రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జొన్నరొట్టె, టమాటా, జామ మానేయాలని, సకినాలు కూడా వద్దని చెబితే అర్థమవుతుంది. సకినాల్లోని నువ్వులు అరగకుండా పేగులో మిగిలి, స్కోప్‌లో నీళ్లు పీల్చే సన్నని దారికి అడ్డుపడతాయి. తెల్లన్నం తినొచ్చు. ముందు రోజు కొబ్బరినీళ్లు, పాలు లేని టీ ఫర్వాలేదు. బీట్‌రూట్, ద్రాక్ష రసం లాంటి ఎర్రటివి వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి.

ఎండకు నిలవని కిట్

అందరికీ పైపు వేయలేం కాబట్టి, చాలా దేశాలు ముందు ఫిట్ అనే మల పరీక్ష చేసి, అందులో రక్తం ఆనవాలు ఉన్నవాళ్లకే కొలనోస్కోపీ చేస్తున్నాయి. మనిషి హిమోగ్లోబిన్‌నే గుర్తించే పరీక్ష కాబట్టి ముందు రోజు మటన్ తిన్నా ఫలితం మారదు. అధ్యయనాల సగటు తీస్తే ఒక్కసారి చేసిన ఫిట్ క్యాన్సర్‌ను 79 శాతం మందిలో పడుతుంది, లేనివాళ్లలో 94 శాతం మందికి సరిగ్గా లేదనే చెబుతుంది.

ఈ అంకెలు ఎలా పనిచేస్తాయో ఒక ఊహా లెక్కతో చూడొచ్చు. 10 వేల మందిని పరీక్షిస్తే వాళ్లలో 10 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. ఫిట్ 8 మందిని పడుతుంది. మిగతా 9,990 మందిలో 6 శాతం, అంటే దాదాపు 600 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. 8 మంది కోసం 600 పైచిలుకు కొలనోస్కోపీలు. వాటిలో పాలిప్‌లు కూడా దొరుకుతాయి కాబట్టి పని వృథా కాదు. కానీ వాటిని చేసే గ్యాస్ట్రో డాక్టర్లు, స్కోప్‌లు, శుభ్రపరిచే సిబ్బంది ఉన్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. జబ్బు అరుదైన చోట లెక్క ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

ఇంకో స్థానిక చిక్కు ఎండ. మలంలోని హిమోగ్లోబిన్ వేడికి చెడిపోతుంది. వేసవిలో ఫిట్ పాజిటివ్ రేటు తగ్గడం ఇటలీ లాంటి చోటే కనిపించింది. మే నెలలో రామగుండం ఎండలో, ఆశా కార్యకర్త సంచిలో సగం పూట ఉన్న శాంపిల్ సంగతి వేరే చెప్పాలా? ఇక్కడ ఫిట్ పెట్టాలంటే చలికాలంలో మొదలుపెట్టడమో, శాంపిల్‌ను అదే రోజు ఫ్రిజ్‌కు చేర్చడమో చేయాల్సి ఉంటుంది.

ముందు ఎవరికి?

కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చినవాళ్లకు. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, వీళ్లలో ఒకరికి 60 ఏళ్లలోపే పెద్దపేగు క్యాన్సర్ వస్తే, మిగతావాళ్లు 40వ ఏట గానీ, ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసు కంటే పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పద్ధతి. అన్నకు 44లో వస్తే తమ్ముడికి 34లో. ఆ తర్వాత ఐదేళ్లకోసారి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ ఒక రోగికి ఈ జబ్బు తేలినప్పుడు, వెంట వచ్చిన తోబుట్టువులకు ఆ మాట చెప్పి చీటీ రాసివ్వడానికి బడ్జెట్ అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా చికిత్స కోసం ఉన్న పథకం. ఇలాంటి బంధువుల పరీక్షను అందులో చేర్చడం, అందరికీ స్క్రీనింగ్ పెట్టడం కంటే చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో ఏ యంత్రాలు పెడతారన్న చర్చలో ఏఐ తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. అప్పటిదాకా, ఎక్కడ కొలనోస్కోపీ చేయించుకున్నా రిపోర్టులో మూడు విషయాలు చూడొచ్చు. స్కోప్ సీకం దాకా, అంటే పెద్దపేగు చివరి కొసదాకా వెళ్లిందా, ఆ చోటి ఫోటో ఉందా? పేగు ఎంత శుభ్రంగా ఉందో బోస్టన్ స్కోరు రాశారా? 9కి 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, మూడు భాగాల్లో ఒక్కోదానికి కనీసం 2 రావాలి. స్కోప్‌ను వెనక్కి తీసుకుంటూ చూడటానికి ఎన్ని నిమిషాలు పట్టింది? పాలిప్‌లు దొరికేది వెనక్కి వచ్చేటప్పుడే. దీనికి 6 నిమిషాలు కనీసమని చాలాకాలం చెప్పారు, 2024లో అమెరికా సంఘాలు దాన్ని 8కి పెంచాయి. స్కోరు తక్కువుంటే, ‘నార్మల్’ అని రాసి ఉన్నా, మళ్లీ ఎప్పుడు చేయాలో డాక్టర్‌ను అడగాల్సిందే.